మేయర్ కాబోయిన భార్గవి

కిన్నెరపాడులో భార్గవిని ఎరగనివాళ్లు లేరు. కొత్తగూడెం నుంచి బస్సులో అరగంట దూరం ఆ ఊరు. పొద్దున ఏ ఇంట్లో టీవీ పెట్టినా ముందు ఆమె గొంతే వినిపించేది. లోకల్ కేబుల్ చానల్లో 'పొద్దుగాల ముచ్చట' అని ఆమె చేసే కార్యక్రమం ఏళ్ల తరబడి నడుస్తోంది. దానికి స్టూడియో లేదు, మేకప్ లేదు. రోజుకో వీధికి వెళ్లి ఎవరింటి అరుగు మీదనో కూర్చుని, నల్లా ఎప్పుడొస్తోంది, మోరీ ఎప్పుడు తీశారు, దవాఖానాలో మందులు ఇస్తున్నారా అని అడిగేది. ఆ మాటలు టీవీలో వచ్చిన పూటే కార్పొరేషన్ వాళ్లు పరుగెత్తుకొచ్చి పని చేసి పోయిన రోజులు చాలా ఉన్నాయి.

ఆమె పొదుపు గురించి కూడా ఊరంతా చెప్పుకునేది. తెర మీద కట్టేవి అవే నాలుగు నేత చీరలు. ఇవాళ ఆకుపచ్చదా, ఇటుకరంగుదా అని ఆడవాళ్లు పొద్దున్నే పందెం వేసుకునేవాళ్లు. ఇంటినుంచి నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా తెచ్చుకునేది. ఎవరింట్లోనూ చాయ్ తాగేది కాదు. శాలువా కప్పబోతే చేత్తో ఆపి, "ఇది ఇంట్ల ముసలోళ్లుంటే వాళ్లకు కప్పుండ్రి, చలికాలం" అనేది. పాత స్కూటీ హారన్ చెడిపోతే బాగుచేయించలేదు, తన గొంతే చాలంది. నవ్వుకునేవాళ్లు నవ్వుకున్నారు గాని, ఆ పిసినారితనం వల్లే ఆమె మాట మీద జనానికి గురి కుదిరింది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోని మనిషి ఎవరినైనా ఏమైనా అడగగలదు.

భార్గవి పుట్టింది ములకలపల్లి దగ్గర అడవి అంచున ఒక తండాలో. బీడీలకు తునికాకు కోసి కట్టలు కట్టిన తల్లి చేతుల మీద పెరిగింది. అన్నం గింజ కింద పడితే ఏరుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చూసి నేర్చుకుంది. భర్త జైరాం ఆశ్రమ పాఠశాలలో సారు. ఇద్దరూ ఇంట్లో లంబాడీలోనే మాట్లాడుకునేవాళ్లు. టీవీలో ఆమె తెలుగు విని, అంత చక్కగా ఎట్లా నేర్చుకున్నావని ఎవరైనా మెచ్చుకుంటే ఆమెకు కొంచెం చిరాకు కలిగేది. పైకి నవ్వేది.

ఆ ఏడు కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి. రిజర్వేషన్లు ప్రకటించిన పొద్దున భార్గవి వాగు ఒడ్డు బస్తీలో, యశోద ఇంటి ముందు కూర్చుని ఉంది. ఆ బస్తీలో నలభై దాకా రేకుల ఇళ్లు. కరెంటు మీటర్లున్నాయి, ఇంటి పన్ను కడతారు, కానీ పట్టాలు లేవు. పట్టాల కోసం అడిగీ అడిగీ అక్కడివాళ్ల నోళ్లు ఎండిపోయాయి. యశోద కూలి పనికి పోయే మనిషి. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలున్నారు. బస్తీ తరఫున గట్టిగా మాట్లాడేది ఆమే.

కెమెరా పట్టుకున్న రాంబాబు ఫోన్ చూసి, "మేడం, మేయర్ సీటు ఎస్టీ మహిళకు వచ్చింది" అన్నాడు.

భార్గవి తలూపి మళ్లీ యశోదను ఏదో అడగబోయింది. యశోద ఆ ప్రశ్న వినలేదు. "ఇంకేంది మరి? నువ్వే నిలబడు మేడం. ఇన్నేండ్ల సంది మా తరఫున నువ్వు అడుగుతనే ఉన్నవు. వాళ్లు జేస్తం జేస్తం అంటనే ఉన్నరు. అడిగేదానివి నువ్వే ఆ కుర్చీల కూసుంటే ఇంకెవ్వర్ని అడిగే పనుండది గద" అంది.

భార్గవి నవ్వేసింది. కెమెరా నడుస్తూనే ఉంది. రాంబాబు ఆ ముక్క కత్తిరించలేదు. మర్నాటి కల్లా అది ఊళ్లో అందరి ఫోన్లలోకి చేరింది. కిరాణా కొట్టు దగ్గర, బ్యాంకు లైన్లో, బడి గేటు దగ్గర, ఎక్కడ కనిపించినా జనం ఆమెను 'మేయరమ్మ' అనడం మొదలుపెట్టారు. ఆమె మొదట వద్దంది. తర్వాత ఊరుకుంది. మూడో రోజు స్కూటీ మీద పోతూ కార్పొరేషన్ ఆఫీసు ముందు కాసేపు ఆగింది. ఎందుకు ఆగిందో ఆమెకే తెలియదు.

ఆ వారంలోనే ఆదినారాయణ వాళ్ల ఇంటికి వచ్చాడు. ఒక పెద్ద పార్టీకి ఆ ఊళ్లో ఆయన మాటే మాట. సత్తుపల్లి వైపు మనిషి, నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడతాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు తాగి, "అమ్మా, మీ మొహం తెలియని ఇల్లు లేదు ఈ ఊళ్లో. మాకు అంతకంటే ఏం కావాలి?" అన్నాడు.

"నేను ఖర్చు పెట్టను సార్. నా దగ్గర లేదు, ఉన్నా పెట్టను. మందు పొయ్య, చీరెలు పంచ. స్కూటీ మీదనే తిరుగుత."

"తిరగండి. జనం చూడాలనుకునేది కూడా అదే."

"గెలిచినంక నేను అనుకున్నది చెయ్యనిస్తరా? వాగు ఒడ్డు బస్తీకి పట్టాలు ఇప్పియ్యాలె. నాకు అదే ముఖ్యం."

ఆదినారాయణ గ్లాసు కింద పెట్టాడు. "ముందు మీ డివిజన్లో కార్పొరేటరుగా గెలవాలి. తర్వాత కార్పొరేటర్లందరూ కలిసి మేయర్ని ఎన్నుకుంటారు. అప్పుడు మీరు కుర్చీలో ఉంటారు, మేము కింద ఉంటాం. మిమ్మల్ని కాదనేదెవరమ్మా?"

జవాబు బాగానే ఉంది, కానీ తాను అడిగినదానికి అది జవాబు కాదని భార్గవికి తెలిసింది. ఇలాంటి జవాబులను మైకు పట్టుకుని ఎన్నిసార్లో పట్టుకుంది. ఆ రోజు మాత్రం ఇంకో ప్రశ్న వేయలేదు. ఆలోచించుకుంటానంది.

ఆదివారం జైరాంకు బడి లేదు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. "నీకు ఇష్టమేనా?" అని అడిగాడు.

"ఇష్టమో కాదో తెలుస్తలేదు. ఇన్నేండ్లు ఒకరి దగ్గరికి పోయి అడుగుడే. ఒక్కసారన్న మనమే చేస్తే ఎట్లుంటదో చూడాలని ఉంది. మళ్ల భయం గూడ ఉంది."

"దేనికి భయం?"

"అటు పోతే ఈ టీవీ ముచ్చట గూడ పోతదేమోనని."

జైరాం పిల్లల పరీక్ష పేపర్లు పక్కన పెట్టాడు. "నువ్వు టీవీల అడిగినంత కాలం వాళ్లు భయపడ్డరు. వాళ్లల్ల కలిస్తే ఎవరు భయపడ్తరు?" అన్నాడు. మళ్లీ తనే, "గని వద్దని నేను చెప్ప. నువ్వు నిలబడ్తే బడికి సెలవు పెట్టి తిరుగుత" అన్నాడు.

ఆమె ఒప్పుకోలేదు, కాదనలేదు. అట్లా ఊగుతుండగానే చానల్ ఓనర్ రవీందర్ కబురు పెట్టాడు. భార్గవి ఆఫీసుకు వెళ్లేసరికి ఆయన మొహమాటంగా కూర్చుని ఉన్నాడు.

"మేడం, ఎలక్షన్ల నిలబడేటోళ్లు తెర మీద ఉండొద్దు. రూల్ అది."

"నేను ఇంక ఒప్పుకోలేదు సార్."

"ఒప్పుకోలేదని గూడ చెప్పలేదు గద. ఊరంత మేయరమ్మ మేయరమ్మ అంటుంటే అవతలి పార్టోళ్లు నా మీద పడుతున్నరు. తేలేదాక కొన్ని దినాలు ఆగుదాం. నీ జాగ ఎటు పోతది?"

మర్నాడు పొద్దున ఆమె కార్యక్రమం వచ్చే సమయానికి భజన పాటలు వచ్చాయి. భార్గవి అలవాటుగా చీర కట్టుకుని, డబ్బా సర్దుకుని, స్కూటీ తాళం చేతిలో పట్టుకుని ఆ పాటలు వింటూ నిలబడింది. ఎక్కడికి వెళ్లాలో తోచలేదు. ఆ మధ్యాహ్నమే ఆదినారాయణకు ఫోన్ చేసి, నిలబడతానంది. నిర్ణయం తీసుకున్నట్టు ఆమెకు అనిపించలేదు. వెనక తలుపు మూసుకుపోతే ముందుకు నడిచినట్టుంది.

"సంతోషం అమ్మా. ఒక్క చిన్న పని. మన డివిజన్ లీడర్లను ఒకసారి భోజనానికి పిలవండి. ఇంట్లోనే. నలుగురూ మిమ్మల్ని దగ్గరగా చూసినట్టుంటుంది" అన్నాడాయన.

ఆదివారం మధ్యాహ్నం పదిహేను మంది దాకా వచ్చారు. భార్గవి, జైరాం పొద్దున్నుంచీ వంట చేశారు. జొన్న రొట్టెలు, మామిడికాయ పప్పు, గోంగూర, వంకాయ వేపుడు, అన్నం, మజ్జిగ. ఏదీ తక్కువ చేయలేదు. రొట్టెలు వేడిగా ఒక్కొక్కటే తెచ్చి ఆమే వడ్డించింది. తండాలో ఎవరైనా ఇంటికొస్తే తల్లి అట్లాగే పెట్టేది. ఆకుల్లో చూసి వాళ్లు కాసేపు ఏదో రావాల్సి ఉందన్నట్టు కూర్చున్నారు.

నాగరాజు అని, పార్టీలో చాలా ఏళ్లుగా తిరుగుతున్న మనిషి, జైరాం వైపు వంగి, "సారూ, ఇయ్యాల శనివారమా?" అని అడిగాడు.

"కాదన్నా, ఆదివారమే."

"ఓహో" అని నాగరాజు రొట్టె తుంచుకున్నాడు.

తిన్నారు. బాగుందన్నారు. చేతులు కడుక్కున్నాక ఆదినారాయణ అసలు మాటకొచ్చాడు. "అమ్మా, మనోళ్లు గెలిచాక మేయర్ ఎన్నిక దాకా వాళ్లను అవతలివాళ్లు లాక్కుపోకుండా చూసుకోవాలి. అందర్నీ ఒక చోటికి క్యాంపుకు తీసుకెళ్లాల్సి ఉంటుంది. కొంచెం దూరంగా, మంచి చోటికి. మేయర్ అయ్యేవాళ్లే ఆ బాధ్యత చూసుకోవడం మన దగ్గర ఆనవాయితీ."

భార్గవి అర్థం కానట్టు చూసింది. "ఎందుకు సార్ క్యాంపు? వాళ్ల ఇండ్లు ఇక్కడనే ఉన్నయి గద. ఎవరింట్ల వాళ్లుండి ఆ దినం వచ్చి చెయ్యెత్తితే అయిపోతది."

ఒకరిద్దరు నవ్వారు. ఆమె హాస్యానికి అంటోందనుకున్నారు. అది హాస్యం కాదని తెలిశాక ఒక్కొక్కరే లేచారు. వెళ్లేటప్పుడు నాగరాజు చెప్పులు వేసుకుంటూ పక్కవాడితో అన్న మాట కిటికీలోంచి వినిపించింది: "ఇంటికి పిలిచి పప్పు పెట్టింది. రేపు కుర్చీ ఎక్కినంక మనకేం పెడ్తది?"

మూడు రోజులు ఫోన్ రాలేదు. నాలుగో రోజు ఆదినారాయణ చేశాడు. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. పైనుంచి వేరే పేరు వచ్చిందన్నాడు. కాంట్రాక్టర్ లాలు భార్య సోమ్లికి టికెట్ ఇస్తున్నామన్నాడు. "మీ మీద మాకు గౌరవం ఏం తగ్గలేదమ్మా. ప్రచారానికి మీరు రావాలి" అన్నాడు. ఆమె సరేనని గాని కాదని గాని అనేలోపే పెట్టేశాడు. అవతలి పార్టీ అప్పటికే తమ మనిషిని ఖాయం చేసుకుంది. సొంతంగా నిలబడదామంటే నామినేషన్లకు ఆ ఒక్క పూటే మిగిలింది. బలపరుస్తూ సంతకం పెట్టమని ఇద్దరు ముగ్గురిని అడిగితే, మనసులో ఉంది గాని పేరు బయటికొస్తే ఇబ్బంది మేడం అన్నారు. గడువు దాటిపోయింది.

ఆ సాయంత్రం జైరాం, "ఒక్క యాటను కోసి పెడ్తే అయిపోతుండెనేమో" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. భార్గవి నవ్వలేదు. తర్వాత చాలా రోజులు ఆ మాట ఆమెను వదల్లేదు. కోసి పెట్టినా ఆగేది కాదు, తర్వాత క్యాంపు, ఆ తర్వాత ఇంకొకటి. అది ఆమెకు తెలుసు. అయినా గిన్నెలు తోముతూ, దారిలో పోతూ, ఒక్క యాట అనుకునేది.

రవీందర్ దగ్గరికి వెళ్లింది. నిలబడటం లేదు కాబట్టి కార్యక్రమం మళ్లీ చేస్తానంది. ఆయన తల గోక్కున్నాడు. "ఇప్పుడు నువ్వు ఆ పార్టీ మనిషివని ఊరంత అనుకుంటున్నరు మేడం. నువ్వు ఏం అడిగినా, టికెట్ రాలేదని అడుగుతున్నదంటరు. ఎలక్షన్ అయిపోనియ్యి" అన్నాడు. అందులో అబద్ధం లేదు. అదే ఆమెకు కష్టంగా తోచింది.

ప్రచారం మొదలయ్యే ముందు ఒక మధ్యాహ్నం ఇంటి ముందు కారు ఆగింది. అందులోంచి సోమ్లి ఒక్కతే దిగింది. ముప్పై ఏళ్ల మనిషి, కొత్త పట్టుచీరలో చెమటలు పడుతోంది. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చోకుండా నేల మీద చతికిలబడి, లంబాడీలో మొదలుపెట్టింది.

"అక్కా, నువ్వు నన్ను తిట్టు. గని ఒక్క పని చేసి పెట్టు. నాకు మైకుల మాట్లాడస్తలేదు. మైకు చూస్తే గొంతు ఎండిపోతున్నది. మొన్న మీటింగుల నా పేరు చెప్పి కూసున్న. మా ఆయన ఇంటికొచ్చి అన్నం తినలేదు."

భార్గవి ఆమెను చూసింది. కోపం కోసం లోపల వెతుక్కుంది గాని దొరకలేదు. "నిలబడాలని నీకుండెనా?" అని అడిగింది.

"నన్ను ఎవరడిగిన్రక్కా? పొద్దున లేచేసరికి ఇంటి ముందు నా ఫోటోతోని బ్యానర్ కట్టి ఉన్నది."

భార్గవి లేచి మజ్జిగ ఇచ్చింది. తర్వాత వంటింట్లోంచి గరిటె తెచ్చి ఆమె చేతికిచ్చి, "ఇది మైకనుకో. జనాన్ని చూడకు. ఒక్క మనిషిని చూడు. మీ తండల నీకు ఇష్టమైన మనిషి ఎవరు?" అంది.

"మా నాయనమ్మ."

"ఆమె ముందర కూసున్నదనుకో. ఆమెకు చెవులు సరిగ వినపడయి అనుకో. నిదానంగ చెప్పు."

సోమ్లి మొదట నవ్వింది, తర్వాత తడబడింది, ఆ తర్వాత మెల్లగా మాట్లాడసాగింది. నీళ్ల గురించి, బడి గురించి, తమ తండా నుంచి దవాఖానాకు పోవడానికి బస్సు లేని రోజుల గురించి. ఒకచోట గొంతు గట్టిపడింది. ఈమెకు చెప్పాల్సిన మాటలున్నాయి, ఎవరూ అడగలేదంతే అనుకుంది భార్గవి. రోజూ ఓ గంట వచ్చి నేర్చుకుపొమ్మంది. వాగు ఒడ్డు బస్తీ సంగతి కూడా చెప్పింది. "గెలిస్తే వాళ్లను మరువకు" అంది. సోమ్లి ఆమె చేతులు పట్టుకుని, మరువనంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

సోమ్లి గెలిచింది. కార్పొరేటర్లందరినీ ఎక్కడికో తీసుకెళ్లి తీసుకొచ్చారు. ఆమె మేయర్ అయిన రోజు ఇంట్లో టీవీలో చూశారు భార్గవి, జైరాం. ప్రమాణం చేస్తూ సోమ్లి ఒక్కచోట కూడా తడబడలేదు.

ఎండలు ముదురుతుండగా ఒక పొద్దున యశోద ఫోన్ చేసింది. "మేడం, మా గోడలకు నోటీసులు అంటించిన్రు. ఇండ్లు ఖాళీ చెయ్యమంటున్నరు. వాగు ఒడ్డు పొంటి నడిచేటందుకు బాట, పూల చెట్లు పెడ్తరట. నువ్వు జల్దీ రా. ఎలక్షన్లు అయిపోయినయి గద, కెమెరా పట్టుకొని రా."

భార్గవి ముందు రవీందర్ దగ్గరికి వెళ్లింది. ఎన్నికలై చాలా రోజులైంది కదా అంది. ఆయన ఆమెను కూర్చోబెట్టాడు, చాయ్ తెప్పిస్తానన్నాడు, వద్దంటుందని గుర్తొచ్చి ఊరుకున్నాడు. "ఆ బాట పని లాలుకు వచ్చింది. ఊళ్లె కేబుల్ వైర్లన్నీ కార్పొరేషన్ స్తంభాల మీద ఉన్నయి మేడం. రేపు అవి తీసెయ్యమంటే నేనేం జెయ్యాలె? నా దగ్గర ఎంతమంది పని చేస్తున్నరో నీకు తెలుసు" అన్నాడు. రాంబాబు ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. ఆమె బయటికి వస్తుంటే తల దించుకున్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి. అతన్ని ఏమీ అడగకూడదని ఆమె స్కూటీ తీసింది.

అక్కడినుంచి మేయర్ ఇంటికి వెళ్లింది. గేటు దగ్గర ఉన్న మనిషి మేడం పూజలో ఉన్నారన్నాడు. కాసేపటికి మీటింగులో ఉన్నారన్నాడు. భార్గవి గోడ నీడన నిలబడింది. ఇంతలో లోపలినుంచి సోమ్లే వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని వెనక పెరట్లోకి తీసుకెళ్లింది. అక్కడ ఆరేసిన బట్టల మధ్య ఇద్దరూ నిలబడ్డారు.

"నాకు తెలుసక్కా నువ్వెందుకొచ్చినవో."

"మరి?"

"సంతకం అయిపోయింది. ఎన్నో కాగితాలు తెస్తరు. ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ పెడ్త. నేను చదువుత అంటే టైం లేదు మేడం అంటరు. ఇంటికొస్తే ఈయన, ఆఫీసుకు పోతే వాళ్లు. ఇది వాగు ఒడ్డుదని నాకు తర్వాత తెలిసింది."

"ఆపొచ్చు గద. ఇంక పని మొదలు కాలేదు. కమిషనర్‌కు ఫోన్ చెయ్యి. జనానికి వేరే జాగ చూపించి తీసెయ్యమను. అదొక్క మాట చెప్పు చాలు."

సోమ్లి ఇంటి వైపు ఒకసారి చూసి, ఫోన్ తీసి కమిషనర్‌కు చేసింది. భార్గవి ఎదురుగానే చేసింది. గరిటె పట్టుకుని నేర్చుకున్నట్టే నిదానంగా, గట్టిగా చెప్పింది. అవతలి మనిషి అంతా విని, అలాగే మేడం అన్నాడు. ఫోన్ పెట్టేసి సోమ్లి, "అన్నిటికీ అట్లనే అంటడక్కా" అంది. కళ్లు తుడుచుకోలేదు. అప్పటికే ఎవరో లోపలినుంచి ఆమెను పిలుస్తున్నారు.

మరో రెండు రోజులకు జేసీబీలు వచ్చాయి. భార్గవి వెళ్లేసరికి చివరి వరస ఇళ్లు కింద పడిపోయాయి. పోలీసులు అడ్డంగా తాడు కట్టారు. ఆడవాళ్లు గిన్నెలు, మంచాలు, గ్యాసు బండలు వాగు ఇసుకలోకి చేరవేస్తున్నారు. ఆమెను చూడగానే పది మంది చుట్టూ మూగారు. "మేడం వచ్చింది, మేడం వచ్చింది" అని వెనకవాళ్లకు చెప్పారు. ఒక ముసలాయన, ఇంతకుముందు ఆమె కార్యక్రమంలో మాట్లాడినవాడు, మైకు కోసం ఆమె చేతుల వైపు చూశాడు.

ఆమె ఫోన్ తీసి వీడియో పట్టింది. అందరినీ అడిగింది. ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ఏం చెప్పారు, ఎటు పోతారు. అలవాటైన ప్రశ్నలే. వాళ్లూ అలవాటుగా చెప్పారు. యశోద ఇంటి దగ్గరికి యంత్రం వచ్చినప్పుడు భార్గవి తాడు దాటి ముందుకెళ్లి, డ్రైవరుతో ఆగమంది. అతను నిజంగానే ఆపాడు. ఆమెను గుర్తుపట్టాడు. "మేడం, మా ఇంట్ల రోజు నీ ముచ్చట చూస్తుంటిమి" అన్నాడు. అధికారి వచ్చి ఆమెను పక్కకు జరగమన్నాడు. ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు మెల్లగానే చేతులు పట్టుకుని పక్కకు తీసుకెళ్లారు. డ్రైవరు మళ్లీ యంత్రం కదిలించాడు. రేకులు పడే చప్పుడుకి ఆమె కళ్లు మూసుకుంది.

అంతా అయ్యాక యశోద వచ్చి పక్కన కూర్చుంది. ముఖం మీద దుమ్ము. "ఇది ఎప్పుడొస్తది టీవీల?" అని అడిగింది.

"రాదు యశోదా" అంది భార్గవి. "నన్ను తీసేసిన్రు. నేను నిలబడాలనుకున్నప్పుడే తీసేసిన్రు."

"మల్ల రానియ్యరా?"

"రానియ్యరు."

యశోద చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "నేనే అన్న గద నిలబడమని" అంది. నింద లేదు ఆ గొంతులో, తన మీద గాని ఈమె మీద గాని. జరిగింది చెప్పినట్టు చెప్పింది. ఇద్దరూ లేచి విరిగిన గోడల్లోంచి పనికొచ్చే రేకులు లాగారు. వంగిన రేకును రాయి మీద పెట్టి కొట్టి తిన్నగా చేశారు. వీడియోను ఆమె ఆ సాయంత్రం తెలిసిన గ్రూపుల్లో పెట్టింది. చూసినవాళ్లు చేతులు జోడించే బొమ్మలు పెట్టారు. తెల్లారేసరికి దాని కింద పెళ్లి కార్డులు, గుడ్ మార్నింగులు వచ్చి అది పైకి పోయింది.

యశోదకు తల్లాడ దగ్గర చెల్లెలుంది. అక్కడ మిర్చి ఏరడానికి కూలీలు కావాలట. పిల్లలను తీసుకుని వెళ్లిపోతానంటే భార్గవి బస్టాండుకు వెళ్లింది. యశోద మూటలతోపాటు తన ఇంటి తలుపు కూడా తెచ్చింది. మద్ది చెక్క తలుపు, బతికున్నప్పుడు భర్త చేయించింది. జేసీబీ రాకముందే మడతబందులు ఊడదీసి దాచింది. కండక్టర్ దాన్ని బస్సులో ఎక్కించుకోనన్నాడు. లగేజీ పైసలిస్తానన్నా, ఎక్కడ పెడ్తవమ్మా, జనం కూసోవాలె అన్నాడు.

బస్సు బయల్దేరబోతోంది. యశోద తలుపును భార్గవి వైపు ఒరిగించింది.

"మీ ఇంట్ల పెట్టుకో మేడం. జాగ దొరికినంక వచ్చి తీసుకపోత."

"సరే."

"చెదలు పట్టకుండ చూడు."

పిల్లలు కిటికీలోంచి చెయ్యి ఊపారు. బస్సు వెళ్లిపోయాక భార్గవి తలుపు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది. స్కూటీ మీద అది పట్టదు. ఆటోవాళ్లను అడిగితే ఒకతను కిరాయి ఎక్కువ చెప్పాడు. ఆమె బేరం ఆడలేదు. అతనే ఆశ్చర్యపోయి కొంచెం తగ్గించాడు.

ఇంటి దగ్గర జైరాం వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. ఎక్కడిదని అడిగాడు, చెప్పింది. ఇల్లు చిన్నది. అటూ ఇటూ తిప్పి చివరికి వరండాలో గోడకు ఆనించి నిలబెట్టారు. సగం దారి అదే ఆక్రమించింది.

"ఎన్ని దినాలు ఉంటదిక్కడ?" అన్నాడు జైరాం.

"తెల్వదు" అంది భార్గవి. తడిబట్ట తెచ్చి దాని మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టింది.